మన కులం బహిరంగం, వాళ్ళ ఖాతా రహస్యం

2025 నవంబర్ 14న డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ నిబంధనలు గెజిట్‌లో వచ్చాయి. పార్లమెంటు ఈ చట్టం చేసింది 2023 ఆగస్టులో. రెండేళ్ళకు పైగా అటక మీద పడున్న చట్టానికి ఎట్టకేలకు కదలిక వచ్చిందని పత్రికలు రాశాయి. ఏ సెక్షన్ ఎప్పటి నుంచి అమలవుతుందో చెప్పే భాగాన్ని మాత్రం చాలామంది పట్టించుకోలేదు. చదవాల్సింది అదే. మన వివరాలు తీసుకునేవాడు ముందు నోటీసు ఇవ్వాలి, ఒప్పుకోలు అడగాలి, తీసుకున్నది భద్రంగా ఉంచాలి, అడిగితే చూపించాలి, తప్పుంటే దిద్దాలి అనే సెక్షన్లన్నీ పద్దెనిమిది నెలల తరువాత, అంటే 2027 మేలో అమలవుతాయి. సమాచార హక్కు చట్టం గొంతు నొక్కే సెక్షన్ 44(3) మాత్రం ఆ నవంబర్ 14 నుంచే అమలులోకి వచ్చేసింది.

కంపెనీలు సర్దుకోవడానికి ఏడాదిన్నర గడువు. మండలాఫీసులో ఐదు రూపాయల ఫీజు కట్టి దరఖాస్తు పెట్టుకునే మాదిగ కుర్రాడికి ఒక్క పూట గడువు కూడా లేదు. ఈ చట్టం ఎవరి కోసం పుట్టిందో చెప్పడానికి ఈ ఒక్క తేడా చాలు. కానీ ఇది 'టెక్నికల్' చట్టమనీ, లాయర్లూ సాఫ్ట్‌వేర్ వాళ్ళూ చూసుకుంటారనీ మనలో చాలామంది వదిలేశారు కాబట్టి కొంచెం లోపలికి వెళ్ళాలి.

ముందుగా, ఇది ఎవరికి వర్తిస్తుంది? చట్టం రెండు పాత్రలను నిలబెట్టింది. వివరాలు ఎవరివో ఆ మనిషి 'డేటా ప్రిన్సిపల్'. ఆ వివరాలను దేనికి, ఎలా వాడాలో నిర్ణయించేది 'డేటా ఫిడ్యూషియరీ'. ఫిడ్యూషియరీ అంటే నమ్మి అప్పగించినదాన్ని కాపాడాల్సిన ధర్మకర్త. (ధర్మకర్తలు ఎలా కాపాడతారో దేవుడి మాన్యాల చరిత్ర తెలిసినవాళ్ళకు చెప్పనక్కరలేదు.) ఈ ధర్మకర్త కంపెనీ కావచ్చు, భాగస్వామ్య సంస్థ కావచ్చు, సంఘం కావచ్చు, ప్రభుత్వం కావచ్చు, ఒక్క మనిషే కావచ్చు. ఇంత పెద్ద సంస్థ అయితేనే అన్న కొలత లేదు. మన వాడలో అంబేడ్కర్ యువజన సంఘం సభ్యుల జాబితాను ఎవరి ఫోన్‌లోనో ఫైలుగా పెట్టుకుంటే ఆ సంఘం కూడా ఫిడ్యూషియరీయే. ఎన్నడూ కంప్యూటర్‌కు ఎక్కని కాగితం రిజిస్టరుకు చట్టం వర్తించదు. ఒక వ్యక్తి తన సొంత అవసరానికీ ఇంటి అవసరానికీ వాడుకునే వివరాలకు వర్తించదు. మనిషి తనంతట తాను బయట పెట్టుకున్న వాటికీ, ఏదో ఒక చట్టం ప్రకారం బయట పెట్టక తప్పని వాటికీ వర్తించదు. చట్టంలో ఈ 'ప్రిన్సిపల్'ని మొదటి నుంచి చివరి దాకా స్త్రీవాచక సర్వనామంతోనే రాశారు, దాన్నొక విప్లవంలా చెప్పుకున్నారు. సంతోషం. ఆ 'ఆమె' ఏ వాడలో ఉంటుంది, ఏ కులం, ఎవరి పొలంలో కూలికి వెళ్తుంది అన్న ప్రశ్నకు నలభై నాలుగు సెక్షన్లలో ఎక్కడా జవాబు దొరకదు.

దొరకకపోవడం పొరపాటు కాదు. కావాలని తీసేశారు. 2018 జూలైలో జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ ఇచ్చిన ముసాయిదాలో 'సున్నితమైన వ్యక్తిగత డేటా' అని ఒక విడి జాబితా ఉండేది. ఆరోగ్యం, వేలిముద్రలు, లైంగికత, మత విశ్వాసం, రాజకీయ విశ్వాసం, వాటితో పాటు 'కులం లేదా తెగ'. ఈ వివరాలు బయటపడితే మనిషికి మామూలు నష్టం కాదు కాబట్టి వీటికి మరింత గట్టి కాపలా కావాలన్నది ఆ జాబితా ఉద్దేశం. 2019 డిసెంబర్‌లో పార్లమెంటులో పెట్టిన బిల్లులో కూడా కులం ఉంది. 2022 ఆగస్టులో ఆ బిల్లును వెనక్కి తీసుకున్నారు. అదే ఏడాది నవంబర్‌లో వచ్చిన కొత్త ముసాయిదాలో జాబితా మొత్తం మాయం. 2023 చట్టంలోనూ లేదు. చట్టాన్ని సరళం చేశామన్నారు. అంటే ఈ దేశంలో కరెంటు బిల్లు నంబరుకు ఎంత కాపలా ఉంటుందో కులానికీ అంతే.

ఎవరికి సరళం? ఫోన్ నంబరు బయటపడితే మార్చుకోవచ్చు. బ్యాంకు పాస్‌వర్డు పోతే కొత్తది పెట్టుకోవచ్చు. కులం బయటపడితే మనిషి ఇల్లు ఖాళీ చేయాలి, మెస్‌లో బల్ల మారాలి, పెళ్ళి ఆగిపోతుంది, ఒక్కోసారి ప్రాణం పోతుంది. ఇంటి ముందు టులెట్ బోర్డు చూసి లోపలికి వెళ్ళినవాణ్ణి 'మీరు ఏమిట్లు?' అని అడిగే నగరాల్లో కులాన్ని సున్నితమైన సమాచారం కాదని రాసినవాళ్ళను ఆ ప్రశ్న జీవితంలో ఒక్కసారీ ఎవరూ అడిగి ఉండరు. అడిగినా, జవాబు చెప్పాక ఇల్లు దొరికి ఉంటుంది.

రిజిస్టరులో ఒక గడి మనిషిని ఏం చేయగలదో బాబాసాహెబ్ స్వయంగా రాసి పెట్టారు. కొలంబియా, లండన్‌లలో చదివి బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వచ్చిన మనిషికి ఊళ్ళో ఇల్లు ఇచ్చేవాడు లేడు. పార్సీల సత్రంలో దిగాలంటే పార్సీ అయ్యుండాలి. ఆయన అక్కడి రిజిస్టరులో పార్సీ పేరు రాసి ఉండాల్సి వచ్చింది. పదకొండో రోజున కర్రలు పట్టుకుని పార్సీలు గుంపుగా వచ్చారు, సాయంత్రంలోగా ఖాళీ చెయ్యమన్నారు. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఈ సంగతి చదివినవాళ్ళకు గోప్యత అనేది ఎవరికి, ఎందుకు అవసరమో ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. 1947 మార్చిలో రాజ్యాంగ సభ ఉపసంఘానికి ఇచ్చిన పత్రంలో మనిషి ఒంటికీ ఇంటికీ కాగితాలకూ అకారణ సోదాల నుంచి రక్షణ ఉండాలని ఆయన రాశారు. ఉపసంఘంలో అలాంటి రక్షణలకు అభ్యంతరం చెప్పినవాళ్ళలో మన నెల్లూరు జిల్లాలో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ ఒకరు. చివరకు ఆ రక్షణ ప్రాథమిక హక్కుల్లోకి రాలేదు. గోప్యత ప్రాథమిక హక్కేనని తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా చెప్పడానికి 2017 ఆగస్టు 24 దాకా ఆగాల్సి వచ్చింది. పుట్టస్వామి తీర్పుగా దాన్ని దేశమంతా పండగ చేసుకుంది. గోప్యత చర్చలన్నిటిలో ఆ తీర్పు పేరు వినిపిస్తుంది. బరోడా సత్రం పేరు ఒక్క చర్చలో కూడా నేను వినలేదు.

కులం సమాచారం గాయపరుస్తుందని ఈ దేశంలో వ్యవస్థలకు తెలియదనుకుంటే అమాయకత్వం. తెలుసు. 2023 ఫిబ్రవరి 12న ఐఐటీ బాంబేలో దర్శన్ సోలంకి అనే దళిత విద్యార్థి మరణించాడు. అదే ఏడాది జూలైలో ఆ సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల్లో తోటి విద్యార్థుల ప్రవేశ పరీక్ష ర్యాంకు గానీ, కులం బయటపడే మరే వివరం గానీ అడగడం తగదని రాశారు. ర్యాంకు అడగడమంటే కులం అడగడమేనని అర్థం కావడానికి ఆ క్యాంపస్‌కు ఒక పిల్లవాడి చావు కావలసి వచ్చింది. 2024 అక్టోబర్ 3న సుకన్య శాంత కేసులో సుప్రీంకోర్టు జైళ్ళలో కులాన్ని బట్టి పని పంచే మాన్యువళ్ళను కొట్టేసింది. జైలు రిజిస్టర్లలో కులం గడిని తీసేయమంది. ఆ గడి ఉన్నంత కాలం చీపురు ఎవరి చేతికి వెళ్తుందో కోర్టుకు అర్థమైంది. మార్గదర్శకం రాసినవాళ్ళకు తెలిసింది, కోర్టుకు తెలిసింది. డేటా రక్షణ అని పేరు పెట్టుకున్న చట్టానికి మాత్రం తెలియలేదు.

నేను చదివిన ఒక విశ్వవిద్యాలయంలో (పేరు అనవసరం, ఏ క్యాంపస్ అయినా ఒకటే) స్కాలర్‌షిప్ రాక మెస్ బిల్లు కట్టలేకపోయిన విద్యార్థుల జాబితాను నోటీసు బోర్డు మీద అతికించేవాళ్ళు. పేరు, రోల్ నంబరు, ఎదురుగా ఎస్సీ, ఎస్టీ, బీసీ. ఆ జాబితానే ఫోటో తీసి హాస్టల్ వాట్సాప్ గ్రూపులో పెట్టేవాళ్ళు. ఇప్పుడు అదే పని చేస్తే ఈ చట్టం అడ్డుకుంటుందా? కార్యాలయం వాళ్ళు స్కాలర్‌షిప్ ఇవ్వడంలో భాగమని అంటారు. గ్రూపులో పెట్టినవాడు సొంత అవసరానికి పెట్టుకున్నానంటాడు. కాదని వాదించవచ్చు, గట్టిగానే వాదించవచ్చు. ఆ వాదన వినాల్సిన డేటా రక్షణ బోర్డును నియమించేది కేంద్ర ప్రభుత్వం. బోర్డులో కనీసం ఒకరు న్యాయశాస్త్రం తెలిసినవారు ఉండాలని చట్టంలో రాశారు. కులం అంటే ఏమిటో తెలిసినవాళ్ళు ఒక్కరైనా ఉండాలని ఎక్కడా రాయలేదు.

ఇక ఒప్పుకోలు సంగతి. చట్టం మొత్తానికి ఇదే గుంజ. స్వేచ్ఛగా, తెలిసి, స్పష్టంగా ఇచ్చిన ఒప్పుకోలు ఉండాలట. నోటీసును ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలోనైనా చదువుకునే వీలుండాలట, తెలుగులో కూడా. మంచిదే. నేను క్షేత్ర పరిశోధనకు వెళ్ళినప్పుడు మా ఎథిక్స్ కమిటీ ఇచ్చిన ఒప్పుకోలు పత్రం తెలుగులోనే ఉంటుంది. కూలికి వెళ్ళొచ్చిన అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, 'ఎక్కడ వెయ్యమంటావు బాబూ వేలు?' అంటుంది. కాగితం పట్టుకొచ్చిన చదువుకున్నవాడికి కాదని చెప్పిన అనుభవం ఆమెకు లేదు. ఆమెకు ఉన్న అనుభవమల్లా కాగితం మీద వేలు వెయ్యకపోతే పింఛను ఆగడం, బియ్యం ఆగడం. అలాంటి సమాజంలో ఒప్పుకోలును స్వేచ్ఛ అని పిలవడానికి చాలా ధైర్యం కావాలి.

కానీ ఆ బలహీనమైన ఒప్పుకోలు కూడా ప్రభుత్వానికి అక్కరలేదని అదే చట్టం చెబుతోంది. సెక్షన్ 7(బి) ప్రకారం రాయితీ, పథకం, ధృవపత్రం, లైసెన్సు ఇవ్వడానికి మన వివరాలు వాడుకోవాలంటే ప్రభుత్వం మళ్ళీ మనల్ని అడగనక్కరలేదు. అంతటితో ఆగితే సరేననుకోవచ్చు. సెక్షన్ 11, 12 చదవండి. నా గురించి మీ దగ్గర ఏముందో చూపించండి అని అడిగే హక్కు, తప్పుంటే దిద్దమనే హక్కు ఒప్పుకోలు మీద తీసుకున్న వివరాలకూ, మనంతట మనం ఇచ్చిన వాటికీ మాత్రమే. ఒప్పుకోలు లేకుండా ప్రభుత్వం పథకాల కోసం వాడుకునే వివరాల మీద ఆ హక్కు లేదు. దర్జీ దుకాణం వాడి యాప్‌లో నా కొలతలు తప్పు పడితే దిద్దమనే హక్కు నాకు ఉంది. పౌరసరఫరాల శాఖ కంప్యూటర్‌లో మా అమ్మకు కారు ఉందని తప్పు పడితే ఈ చట్టం కింద ఆ హక్కు లేదు. వివరాలు సరిగా ఉండేలా చూసుకోవాలని ప్రభుత్వానికి ఒక బాధ్యత రాశారు గానీ దాన్ని నిలదీసే పిడికిలి మన చేతికి ఇవ్వలేదు.

కారు ఉదాహరణ గాలిలోంచి తీసింది కాదు. తెలంగాణలో 2016 తరువాత దాదాపు 19 లక్షల రేషన్ కార్డులు రద్దయ్యాయి. ఇంటికి వచ్చి చూడకుండా, నోటీసు ఇవ్వకుండా, వేర్వేరు శాఖల డేటాను జోడించిన కంప్యూటర్ చెప్పిందే వేదంగా తీసేశారన్నది సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన ఫిర్యాదు. 2022 ఏప్రిల్‌లో కోర్టు ఆ కార్డులన్నిటినీ క్షేత్ర స్థాయిలో మళ్ళీ పరిశీలించమంది. రేషన్ బియ్యం మీద బతికేది ఎవరో నేను చెప్పనక్కరలేదు. పేరు ఒకటే ఉన్న మరొకరి ఆస్తి తన ఖాతాలో పడి, దుకాణం ముందు 'నీ కార్డు ఎగిరిపోయింది' అనిపించుకున్న మనిషికి డేటా రక్షణ చట్టం ఇచ్చేది ఏమీ లేదు. ఇది చాలదన్నట్టు, కేంద్రం నోటిఫై చేసిన ప్రభుత్వ సంస్థలను సెక్షన్ 17(2) కింద చట్టం మొత్తం నుంచీ మినహాయించవచ్చు. స్టార్టప్‌లకు కొన్ని సెక్షన్ల నుంచి మినహాయింపు ఇవ్వవచ్చు. మొదటి ఐదేళ్ళలో ఎవరినైనా ఏ సెక్షన్ నుంచైనా తప్పించవచ్చు. కంచెకు ఇన్ని గేట్లు పెట్టాక కంచె ఎందుకో.

ఉద్యోగం పేరుతో యజమానికి కూడా ఒక గేటు ఉంది. సెక్షన్ 7(ఐ) ప్రకారం ఉద్యోగ అవసరాలకు పనివాళ్ళ వివరాలు వాడడానికి ఒప్పుకోలు అక్కరలేదు. చండీగఢ్‌లో, నాగ్‌పూర్‌లో, పంచకులాలో పారిశుధ్య కార్మికుల చేతులకు జీపీఎస్ గడియారాలు తొడిగారు. ఎక్కడ నిలబడ్డారు, ఎంతసేపు కూర్చున్నారు, బాత్రూమ్‌కు ఎప్పుడు వెళ్ళారు, అన్నీ తెర మీద చుక్కలుగా కనిపిస్తాయి. ఆ చేతులు ఏ కులాలవో మున్సిపాలిటీకి తెలుసు. చీపురు ఇచ్చిన కులానికే గడియారం తొడిగారు. కమిషనర్ చేతికి తొడిగిన ఊరు ఉంటే ఎవరైనా చెప్పండి.

సరే, తప్పు జరిగింది, రుజువైంది, బోర్డు కూడా ఒప్పుకుంది అనుకుందాం. జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంది. పత్రికల శీర్షికలన్నీ ఈ అంకె మీదే. ఆ డబ్బు కేంద్ర సంచిత నిధికి వెళ్తుంది. నష్టపోయిన మనిషికి ఒక్క రూపాయి పరిహారం లేదు. కంపెనీ నిర్లక్ష్యం వల్ల సున్నితమైన డేటా బయటపడితే పరిహారం అడగడానికి ఐటీ చట్టంలో 43ఏ అనే సెక్షన్ ఉండేది, దాన్ని కూడా ఈ చట్టం తీసేస్తోంది. బోర్డు దగ్గర పెట్టిన ఫిర్యాదు అబద్ధమనో పనికిమాలినదనో తేలితే మాత్రం ఫిర్యాదు చేసిన మనిషికి పది వేల రూపాయల దాకా జరిమానా. అట్రాసిటీ కేసు పెట్టిన ప్రతి దళితుడూ 'తప్పుడు కేసు' అన్న మాట విన్నాడు. ఆ మాటను ఇప్పుడు ఇక్కడ కూడా రాశారు.

ఇప్పుడు మొదట చెప్పిన దానికి వస్తాను, సమాచార హక్కు. 2005 చట్టంలో సెక్షన్ 8(1)(జె) వ్యక్తిగత గోప్యతను ఎప్పటి నుంచో కాపాడుతూనే ఉంది. ప్రజా వ్యవహారంతో సంబంధం లేని, అనవసరంగా ఒకరి జీవితంలోకి చొరబడే సమాచారాన్ని ఇవ్వనక్కరలేదు. అయితే విస్తృత ప్రజా ప్రయోజనం ఉంటే ఇవ్వాలి. పార్లమెంటుకో శాసనసభకో కాదనలేని సమాచారాన్ని ఏ పౌరుడికీ కాదనకూడదు. ఒక తూకం ఉండేది. 44(3) ఆ తూకాన్ని విరగ్గొట్టి, వ్యక్తిగత సమాచారానికి సంబంధించినదైతే చాలు, ఇవ్వనక్కరలేదని రాసింది. ప్రభుత్వ కాగితాల్లో మనిషి పేరు లేని కాగితం ఎన్ని ఉంటాయి? బిల్లు మీద కాంట్రాక్టరు పేరు ఉంటుంది, ఫైలు మీద అధికారి పేరు ఉంటుంది, అడంగల్‌లో భూస్వామి పేరు ఉంటుంది. పేరుంటే వ్యక్తిగతం. వ్యక్తిగతమైతే రహస్యం.

ఇది మనకు ఎక్కడ తగులుతుందో చూడండి. 1977 నాటి అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టంలో పేదలకు ఇచ్చిన భూమి చేతులు మారకూడదని రాశారు. మారింది. ఎవరి చేతికి మారిందో తెలియాలంటే పేర్లు కావాలి. 2013 ఎస్సీ, ఎస్టీ సబ్‌ప్లాన్ చట్టం కింద పెట్టిన ఖర్చు మాలపల్లిలో రోడ్డు వేసిందా, పెద్దకులాల వీధిలో వేసిందా తేల్చాలంటే పనుల బిల్లులు, లబ్ధిదారుల జాబితాలు కావాలి. దొంగ ఎస్సీ, ఎస్టీ సర్టిఫికెట్లతో ఉద్యోగాలు కొట్టేసినవాళ్ళ మీద 1993 కుల ధృవపత్రాల చట్టం కింద ఫిర్యాదు చేయాలంటే చేతిలో ఏదో ఒక కాగితం ఉండాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీ జరిగింది. మస్టరు రోల్‌లోని పేర్లను గ్రామసభలో పైకి చదివేవాళ్ళు. 'నేను ఆ పనికి పోనే లేదు, నా పేరున డబ్బు ఎవరు తీశారు?' అని కూలి మనిషి నిలబడి అడిగింది ఆ చదువు వల్లే. దేశానికి నమూనా అని చెప్పుకున్న ఆ పద్ధతి మొత్తం పేర్లను బిగ్గరగా చదవడం మీద నిలబడింది.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది, వేసేవాళ్ళు వేస్తారు కూడా: 'మీ కులం మాత్రం దాచాలి, ఎదుటివాడి కుల ధృవపత్రం మాత్రం చూపించాలా? ఇదేం న్యాయం?' న్యాయమే. హాస్టల్ గదిలో పక్క మంచం పిల్లవాడి కులం తెలుసుకోవడంలో ఏ ప్రజా ప్రయోజనమూ లేదు, వాణ్ణి ఒంటరి చేయడం తప్ప. ఒక ధృవపత్రం చూపించి, ప్రజల డబ్బుతో నడిచే ఉద్యోగంలో, మరొకరికి రావాల్సిన కుర్చీలో కూర్చున్న మనిషి ఆ ధృవపత్రం నిజమో కాదో చూపించడంలో ప్రజా ప్రయోజనం తప్ప మరొకటి లేదు. రెండింటినీ విడదీసి తూచే పనే పాత 8(1)(జె) చేసింది. ఆ తూకం ఒక్కోసారి దళితుడి గుమ్మం ముందుకే వస్తుందన్నదీ నిజమే. రోహిత్ వేముల చనిపోయాక విశ్వవిద్యాలయంలో ఏం జరిగిందో తేల్చాల్సిన దర్యాప్తులు ఆయన తల్లి కులాన్ని తవ్వడానికి పడ్డ శ్రమ మనం చూశాం. కాబట్టి తూకం వేసే చేయి ఎవరిదన్నది కూడా ప్రశ్నే. తూకాన్నే పారేయడం దానికి మందు కాదు. పారేస్తే ఆ గదిలో మిగిలేది అధికారి ఇష్టం.

ఇంకో దెబ్బ ఉంది, దీని గురించి అసలు మాట్లాడడం లేదు. కారంచేడు 1985లో, చుండూరు 1991లో జరిగాయి. ఎవరు కొట్టారు, ఎవరు ఆయుధాలు తెచ్చారు, ఏ అధికారి చూస్తూ నిలబడ్డాడు అన్నవి నిజనిర్ధారణ బృందాలు ఊరూరా తిరిగి రాసుకొచ్చాయి. ఇవాళ అదే పని చేసే బృందం ఫోన్‌లో రాసుకుంటుంది, రికార్డు చేసుకుంటుంది. అంటే 2027 మే నుంచి ఆ బృందం ఫిడ్యూషియరీ. దాడి చేసినవాడి పేరు రాసుకోవడానికి వాడి ఒప్పుకోలు అడగాలా? నవ్వొచ్చే ప్రశ్నే. చట్టపరమైన హక్కును సాధించుకోవడానికి వాడే వివరాలకు సెక్షన్ 17(1)లో మినహాయింపు ఉంది కాబట్టి అక్కరలేదని మన లాయర్లు వాదిస్తారు, వాదించాలి. కానీ నివేదిక కోర్టుకు కాకుండా పుస్తకంగా వస్తే? పోర్టల్‌లో వస్తే? 2018 ముసాయిదాలోనూ 2019 బిల్లులోనూ పత్రికా రచనకు స్పష్టమైన మినహాయింపు ఉండేది. 2023 చట్టంలో అదీ లేదు. కులాన్ని తీసేసిన చేతులే దాన్నీ తీసేశాయి. పైగా సెక్షన్ 36 కింద కేంద్రం ఏ ఫిడ్యూషియరీనైనా సమాచారం ఇవ్వమని అడగవచ్చు. బాధితులు నమ్మి చెప్పిన మాటలున్న ఫోను మా చేతుల్లో ఉంటుంది. పోలీసులకు మినహాయింపు, మాకు బాధ్యత.

మన వాళ్ళలో ఒక మాట తరచూ వింటున్నాను: ప్రైవసీ సవర్ణుల ముచ్చట, ఇంట్లో రెండు గదులు లేనివాడికి దానితో పనేమిటి అని. ఈ మాటలో కొంత నిజం ఉంది. ఢిల్లీ, బెంగళూరు గోప్యతా చర్చలు ఆధార్ గురించీ, వాట్సాప్ గురించీ ఏళ్ళ తరబడి నడిచాయి. వాటిలో కులం అన్న మాట ఫుట్‌నోట్‌లో కూడా అరుదు. అది వాళ్ళ లోపం. గోప్యత మాత్రం వాళ్ళ సొత్తు కాదు. నేరస్థ తెగల చట్టం కింద ఎరుకలను, యానాదులను రిజిస్టర్లలో ఎక్కించి, స్టేషన్‌కు పిలిచి హాజరు వేయించుకున్నప్పుడు జరిగింది డేటా సేకరణే. ఆ చట్టం 1952లో రద్దయింది. ఇవాళ్టికీ దొంగతనం జరిగితే పోలీసు జీపు ముందుగా ఏ గుడిసెల దగ్గర ఆగుతుందో ఆ తెగల పిల్లలను అడగండి. రిజిస్టరుకెక్కిన పేరు చట్టం చచ్చినా చావదు.

దీన్ని పట్టుకుని 'చూశారా, కులాలు లెక్కించడమే ప్రమాదం' అని కులగణనకు అడ్డుపడేవాళ్ళు తయారవుతారు. వాళ్ళకు ఒక్క మాట. లెక్క వేరు, జాబితా వేరు. 1948 జనగణన చట్టం సెక్షన్ 15 ప్రకారం ఇంటింటి జనగణన పత్రాలను ఎవరూ తనిఖీ చేయకూడదు, సాక్ష్యంగా వాడకూడదు. బయటికి వచ్చేది మొత్తాలే. 2027 జనగణనలో కులాన్ని లెక్కించాలని మనం కొట్లాడి సాధించుకున్నది ఆ మొత్తాల కోసం: మేమెంత, మా వాటా ఎంత. దానికీ, పేరు, ఫోన్ నంబరు, కులం, ఏ పార్టీ మనిషి అన్నవి పక్కపక్కన ఉండే ఫైలు ఎవరి ల్యాప్‌టాప్‌లోనో తిరగడానికీ సంబంధం లేదు. మా సంఖ్య దేశమంతటికీ తెలియాలి. మా ఇంటి నంబరు పక్కన మా కులం అద్దె ఇల్లు చూపించే బ్రోకర్‌కు తెలియనక్కరలేదు.

2027 మే దాకా ఉన్న ఈ కాలాన్ని కంపెనీలు ఎలా వాడుకుంటున్నాయో తెలిసిందే, లాయర్లను పెట్టుకుని ఫారాలు తయారు చేసుకుంటున్నాయి. మన సంఘాలు పార్లమెంటు సభ్యులను, ముఖ్యంగా రిజర్వుడు స్థానాల నుంచి వెళ్ళినవాళ్ళను అడగాల్సినవి ఉన్నాయి: కులం, తెగ వివరాలకు విడి రక్షణ తిరిగి తెమ్మని, 44(3) రద్దు చేయమని, నష్టపోయిన మనిషికి పరిహారం రాయమని, ప్రభుత్వ డేటాలో తప్పును దిద్దమనే హక్కు ఇమ్మని. 2023 ఆగస్టులో లోక్‌సభ ఏడో తేదీన, రాజ్యసభ తొమ్మిదో తేదీన ఈ బిల్లును ఆమోదించినప్పుడు కులం గడి ఎందుకు మాయమైందని వాళ్ళలో ఎవరు నిలబడి అడిగారో కూడా అడగండి.

ఈలోగా దరఖాస్తులు ఆపకండి. 'వ్యక్తిగత సమాచారం' అని తిప్పి పంపితే మొదటి అప్పీలులో రెండు సెక్షన్లు రాయండి. ఒకటి 8(2): మినహాయింపు ఉన్నా, హాని కంటే ప్రజా ప్రయోజనం ఎక్కువైతే సమాచారం ఇవ్వవచ్చని అందులో ఇంకా ఉంది. ఇవ్వాలి అని లేదు, ఇవ్వవచ్చు అనే ఉంది, అందుకే ఆ ప్రయోజనం ఏమిటో మీరే వివరంగా రాయాలి: ఎన్ని ఎకరాలు, ఎన్ని కుటుంబాలు, ఏ చట్టం ఉల్లంఘన. రెండోది 4(1)(బి): రాయితీ పథకాల లబ్ధిదారుల వివరాలను ఎవరూ అడగకుండానే ప్రచురించాల్సిన బాధ్యత ప్రభుత్వ కార్యాలయాలదని చెప్పే క్లాజు. దాన్ని ఈ చట్టం ముట్టుకోలేదు. తిరస్కరించిన కాగితాన్ని పారేయకండి. తేదీ వేసి, కార్యాలయం పేరు రాసి, సంఘం ఫైలులో పెట్టండి. రేపు ఈ సెక్షన్ మీద కోర్టులో మాట్లాడాల్సి వచ్చినప్పుడు లాయర్ ముందు అడిగేది ఆ కాగితాలే.